ఇచ్చే చేతికి అవసరం ఉండకూడదు

శ్రీనాథుడికి విజయనగరంలో కనకాభిషేకం జరిగిందన్న పాఠం చదువుకున్న రోజుల్లో మా కళ్ళకు కట్టిందల్లా కవి తల మీద కురిసిన బంగారు నాణేలే. వయసు పెరిగేకొద్దీ ఆ కథలో బంగారం వెనక్కి పోయి రాజుగారు ముందుకొస్తున్నారు. ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టు సామాన్యుడు కాడు, ఆస్థానానికే అలంకారం. బయటినుంచి వచ్చిన కవి ఆయన్ను వాదానికి పిలిచాడు. సభ తీరింది, మధ్యవర్తి కూర్చున్నాడు, వాదం అందరి ఎదుటా నడిచింది. సొంత పండితుడు ఓడిపోయాడు. రాజు ఆ పండితుడి కంచు ఢక్కను పగులగొట్టించి, గెలిచిన పరాయి కవికి కనకాభిషేకం చేశాడు. ఇందులో చరిత్ర పాలెంత, ఐతిహ్యం పాలెంత అన్నది పండితులు తేలుస్తారు. మన జాతి మాత్రం ఆరు వందల ఏళ్ళుగా ఈ కథను ప్రేమగా చెప్పుకుంటూ వస్తోంది. సన్మానం అంటే ఎలా ఉండాలని మనవాళ్ళు అనుకున్నారో అందులో ఉంది.

ఆ సన్మానానికి విలువ తెచ్చింది బంగారం బరువు కాదు. ఇచ్చిన రాజుకు ఆ నిర్ణయం వల్ల నష్టమే తప్ప లాభం లేదు. తన కొలువు పరువు పోతుందని తెలిసీ ఇచ్చాడు. ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడితో ఏ పనీ లేనప్పుడే బహుమతి బహుమతి అవుతుంది. పని ఉంటే అది బేరం. వేదిక మీద ఎన్ని దీపాలు వెలిగించినా చూసేవాడికి ఆ తేడా తెలిసిపోతుంది. సినిమా అవార్డుల మీద జనానికి నమ్మకం ఎందుకు సడలిందని ఆలోచించినప్పుడల్లా నేను ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాను. ఎవరికి ఎవరితో అవసరం?

మన దేశంలో ఈ అవార్డులు ఎంత సాదాగా మొదలయ్యాయో చూడండి. 1954లో బొంబాయి మెట్రో థియేటర్‌లో మొదటి ఫిల్మ్‌ఫేర్ సభ జరిగింది. క్లేర్ మెండోన్సా అనే సినీ విమర్శకురాలి పేరు మీద అప్పట్లో వాటిని 'క్లేర్స్' అనేవారు. ఇచ్చినవి ఐదే బహుమతులు. ఉత్తమ చిత్రం 'దో బీఘా జమీన్', దర్శకుడు బిమల్ రాయ్, నటుడు దిలీప్ కుమార్, నటి మీనాకుమారి, సంగీతం నౌషాద్. ఒక విమర్శకురాలి పేరు పెట్టుకున్న బహుమతి, భూమి పోగొట్టుకున్న పేద రైతు కథతో మొదలైంది. ఆ ఆరంభంలో ఒక నిజాయితీ ఉంది.

తర్వాత ఇరవై ఏళ్ళు తిరిగేసరికే మచ్చలు కనబడ్డాయి. 'బేఇమాన్'లో నటనకు సహాయనటుడి బహుమతి వచ్చినప్పుడు ప్రాణ్ దాన్ని తీసుకోలేదు. 'పాకీజా'కు సంగీతం కట్టి, ఆ సినిమా విడుదల చూడకుండానే కన్నుమూసిన గులాం మహమ్మద్‌ను కాదని, సంగీతం బహుమతిని 'బేఇమాన్'కే ఇచ్చినందుకు ప్రాణ్ నిరసన అది. ఇంకొకరికి జరిగిన అన్యాయానికి తన బహుమతిని వదులుకోవడం మామూలు విషయం కాదు. ఆ తర్వాతి ఏడాదే 'బాబీ'కి ఉత్తమ నటుడి బహుమతి రిషి కపూర్‌కు వచ్చింది. దాన్ని ముప్పై వేలు పెట్టి కొనుక్కున్నానని ఆయనే 2017లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. ఒకే వేదిక, పక్కపక్క సంవత్సరాలు. ఒకడు వచ్చినదాన్ని వద్దన్నాడు, ఇంకొకడు రానిదాన్ని కొన్నాడు. వేదిక మాత్రం ఏమీ జరగనట్టే సాగిపోయింది.

టీవీ వచ్చాక బేరానికి ఇంకొక అంతస్తు లేచింది. ఛానెల్‌కు ప్రకటనలు కావాలి, ప్రకటనలకు తారలు కావాలి, తార సభలో కూర్చోవాలంటే తార చేతికి ఏదో ఒకటి రావాలి. విభాగాలు అలాగే పుట్టుకొచ్చాయి. ఉత్తమ నటుడు ఒక్కడే ఉండాల్సిన చోట విమర్శకులు మెచ్చిన నటుడు, ప్రేక్షకులు మెచ్చిన నటుడు, సోషల్ మీడియా తార, ఏటి మేటి వినోదకారుడు అంటూ వరసలు పెరిగాయి. ఆపై రాష్ట్ర ప్రభుత్వాలు పర్యాటకం పేరుతో ఈ సభలకు ఆతిథ్యం ఇవ్వడం మొదలుపెట్టాయి. 2020లో ఫిల్మ్‌ఫేర్ బొంబాయి విడిచి గువాహటికి వెళ్ళింది. పౌరసత్వ చట్టం మీద అస్సాం అట్టుడికిన కొన్ని వారాలకే ఆ నగరంలో తారల సంబరం జరిగింది. ఆ ఏడు ఒక్క 'గల్లీ బాయ్'కే పదమూడు బహుమతులు వచ్చాయి. 'కేసరి'లో అందరినీ కంటతడి పెట్టించిన పాట రాసిన మనోజ్ ముంతషిర్, ఆ పాటకు బహుమతి రాకపోవడంతో, ఇకపై ఏ అవార్డు సభకూ వెళ్ళనని ప్రకటించాడు. ప్రాణ్ నుంచి ముంతషిర్ దాకా దాదాపు యాభై ఏళ్ళు. బాధ మాత్రం అదే.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కూడా కాదు. హాలీవుడ్ గోల్డెన్ గ్లోబ్స్ కథ మన తెలుగువాళ్ళకు ఒక మలుపు దగ్గర బాగా దగ్గరైంది. 1944 నుంచి 2023 దాకా ఆ బహుమతులు ఇచ్చింది లాస్ ఏంజెలెస్‌లో పనిచేసే విదేశీ విలేకరుల సంఘం. 1982లో పియా జడోరా అనే నటికి 'కొత్త తార' బహుమతి వచ్చింది. ఆమె భర్త, లాస్ వేగస్‌లో పెద్ద కాసినో యజమాని, అంతకుముందు ఓటర్లను విమానాల్లో అక్కడికి పిలిపించి అతిథి మర్యాదలు చేశాడు. ఆ పోటీలో ఓడిపోయినవాళ్ళలో కాథ్లీన్ టర్నర్ ఒకరు. అప్పట్లో టీవీ సంస్థ ప్రసారం మానేసింది కానీ, కొన్నాళ్ళకు జనం మరిచిపోయారు. 2021 ఫిబ్రవరిలో 'లాస్ ఏంజెలెస్ టైమ్స్' మళ్ళీ తీగ లాగింది. ఓటు వేసే సభ్యులు 87 మందే, వాళ్ళలో నల్లజాతివారు ఒక్కరు కూడా లేరు. 'ఎమిలీ ఇన్ పారిస్' సెట్టు చూపించడానికి ముప్పై మందికి పైగా సభ్యులను ఫ్రాన్స్ తీసుకెళ్ళి ఖరీదైన హోటల్లో దించారు. ఆ సీరియల్‌కు రెండు నామినేషన్లు వచ్చాయి. టామ్ క్రూజ్ తనకు అంతకుముందు వచ్చిన మూడు గ్లోబ్‌లనూ తిరిగి పంపేశాడు. 2022లో టీవీ ప్రసారం లేదు, తారలు లేరు. ఒక హోటల్ గదిలో పేర్లు చదివి ముగించారు.

ఆ మరుసటి ఏడాది, 2023 జనవరిలో అదే వేదిక తిరిగి తలెత్తుకోవాలని చూస్తున్న సమయంలో 'నాటు నాటు'కు ఉత్తమ గీతం బహుమతి వచ్చింది. కీరవాణి ఆ బహుమతి అందుకుంటుంటే ఊరూరా పండగ చేసుకున్నాం. నేనూ ఆనందపడ్డాను. ఆ పాట ఏ వేదిక మీద నిలబెట్టినా నిలబడుతుంది. చంద్రబోస్ మాటల్లో పల్లె మట్టి ఉంది, ప్రేమ్ రక్షిత్ అడుగుల్లో ఊపిరి ఆడనివ్వని వేగం ఉంది. ఆ ఆనందంలో ఇచ్చినదెవరు, ఎలాంటి చరిత్ర ఉన్నవాళ్ళు అని మనలో ఎంతమంది అడిగారు? ఆ జూన్ నెలలోనే ఆ సంఘం అవార్డులను అమ్మేసి మూతపడింది. మార్చిలో వచ్చిన ఆస్కార్ వేరు సంగతి. సంగీత విభాగంలోని సాటి సంగీతకారులు ఓటేసి అయిదు పాటలను నిలబెడతారు, తర్వాత అకాడమీలోని దాదాపు పదివేల మంది ఓటర్లు తేలుస్తారు. అక్కడ ప్రచార ఖర్చు లేదని కాదు, ఉంది. అయినా కొద్దిమందిని విందుకు పిలిచినంత తేలిగ్గా పదివేల మందిని పిలవలేరు. రెండు బహుమతులనూ ఒకే గాటన కట్టి గర్వపడినప్పుడు మనం ఆ పాటకు చేసింది పూర్తి న్యాయం కాదు. బహుమతిని ప్రేమించేవాడు దాని పుట్టుక కూడా అడగాలి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. నొప్పి అసలు ఇక్కడుంది.

నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. లేపాక్షి నంది ఆ ప్రతిమకు ఆదర్శం. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా బంగారు నంది ఆదుర్తి సుబ్బారావు తీసిన 'డాక్టర్ చక్రవర్తి'కి దక్కింది. ఉగాదికి ఆ బహుమతులు అందించడం ఆనవాయితీ అయింది. మా ఇంట్లో పేపర్లో ఆ జాబితా పడిన రోజు నాన్న దాన్ని పైనుంచి కింద దాకా చదివేవారు. హీరో పేరు దగ్గర ఆగేవారు కాదు. శబ్దగ్రహణం, కళాదర్శకత్వం, మేకప్, బాలల చిత్రం, డాక్యుమెంటరీ, తెలుగు సినిమా మీద ఉత్తమ గ్రంథం, ఉత్తమ విమర్శకుడు. సినిమా అంటే ఇంతమంది చేతి పని అన్నది నాకు మొదట తెలిపింది ఆ జాబితాయే. ప్రభుత్వం అన్న పెద్ద మాట ఒక మేకప్‌మ్యాన్ పేరు పక్కన నిలబడుతుందన్న భావన ఎంతో గౌరవంగా తోచేది.

ఆ గౌరవం ఒక్కసారిగా కూలలేదు. ఏళ్ళకేళ్ళు ఆలస్యం కావడంతో మొదలైంది. 2012, 2013 సంవత్సరాల బహుమతులు 2017లో ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో 2014, 2015, 2016 మూడింటికీ కలిపి ఒకేసారి జాబితా విడుదలైంది. 2014కు ఉత్తమ చిత్రం 'లెజెండ్', ఉత్తమ నటుడు అందులో కథానాయకుడు బాలకృష్ణ. ఆయన అప్పటికి అధికార పార్టీ శాసనసభ్యుడు, ముఖ్యమంత్రికి బావమరిది. తీర్పు సరైనదా కాదా అన్నది పక్కన పెడదాం. జ్యూరీ నిష్పాక్షికంగానే ఆలోచించి ఉండవచ్చు. అయినా ఆ జాబితా చూసి మనసులో అనుమానం కలగని తెలుగువాడు ఎవరు? 'రుద్రమదేవి'ని ఉత్తమ చిత్రాల వరసలో పెట్టనందుకు గుణశేఖర్ బహిరంగ లేఖ రాశారు. తీర్పును ప్రశ్నించినవాళ్ళను మూడేళ్ళు అనర్హుల్ని చేస్తారన్న నిబంధన మాటేమిటని అందులో అడిగారు. విమర్శించేవాళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లో ఆధార్, ఓటు లేవన్న అర్థంలో ఒక మంత్రి మాట్లాడారు. ఆ మాటకు నొచ్చుకుని పోసాని కృష్ణమురళి తనకు వచ్చిన నందిని వద్దన్నారు. ఆఖరికి ఆ మూడేళ్ళ బహుమతులు వేదిక మీద ఎవరి చేతికీ అందనేలేదు. యాభై ఏళ్ళు దాటిన ఒక ఆనవాయితీ అలా పత్రికా ప్రకటనగా ముగిసింది.

ఇది ఒక పార్టీ తప్పని రాస్తే నాకు తృప్తి కలగదు, నిజం కూడా కాదు. మూలం ఇంకా లోతులో ఉంది. 1982 మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయిన నాటి నుంచి మన తెరకూ మన గద్దెకూ మధ్య గోడ లేదు. 2008లో చిరంజీవి ప్రజారాజ్యం వచ్చింది, 2014లో జనసేన వచ్చింది. 2024లో ఆ పార్టీ పోటీ చేసిన 21 శాసనసభ స్థానాల్లోనూ గెలిచి, పవన్ కళ్యాణ్ ఉపముఖ్యమంత్రి అయ్యారు. నటుడు ప్రజాప్రతినిధి కావడం తప్పు కాదు, పౌరుడిగా అతని హక్కు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన మంచిని కాదనడం కూడా నా ఉద్దేశం కాదు. కానీ నటుడు పార్టీ అయ్యాక, అతని అభిమాని ఓటరు అయ్యాక, ఆ నటుడికి ఇచ్చిన బహుమతి ఓటరుకు పంపిన కబురవుతుంది. ఇవ్వని బహుమతి కూడా కబురే అవుతుంది.

దానికి తోడు ప్రభుత్వం చేతిలో ఇంకొక తాడుంది. టికెట్ ధర ఎంతో చెప్పేది జీవో. తెల్లవారుజాము ఆటలకు, బెనిఫిట్ షోలకు అనుమతి ఇచ్చేది ప్రభుత్వం. స్టూడియోలకు స్థలం ఇచ్చేదీ ప్రభుత్వమే. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ రేట్లు తగ్గిస్తే, 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్, ప్రభాస్, రాజమౌళి అంతటివాళ్ళు తాడేపల్లి వెళ్ళి ముఖ్యమంత్రిని కలిసి విన్నవించుకోవలసి వచ్చింది. చిరంజీవి చేతులు జోడించి మాట్లాడిన ఆ దృశ్యం చూసి చాలామంది మనసు కలుక్కుమంది. ఏ చేయి రేటు జీవో మీద సంతకం పెడుతుందో అదే చేయి ఉత్తమ నటుడి బహుమతి అందిస్తోంది. అలాంటప్పుడు పుచ్చుకునేవాడు ప్రాణ్‌లా వద్దనగలడా? ఇచ్చేవాడు ప్రౌఢదేవరాయల్లా సొంత మనిషిని కాదనగలడా? ఇద్దరి చేతులూ కట్టేసి ఉన్నాయి.

తెలంగాణ ప్రభుత్వం నంది స్థానంలో గద్దర్ పేరు పెట్టినప్పుడు నాకు ఆశ కలిగింది. కాలికి గజ్జె కట్టి జీవితమంతా రాజ్యాన్ని ప్రశ్నించిన గాయకుడి పేరు రాజ్యమిచ్చే బహుమతికి పెట్టడం చిన్న బాధ్యత కాదు. 2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో 2024 సినిమాలకు ఆ బహుమతులు ఇచ్చారు. జయసుధ అధ్యక్షతన జ్యూరీ పనిచేసింది. 'పుష్ప 2'కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు. అంతకు ఆరు నెలల ముందు, డిసెంబరు 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్‌లో అదే సినిమా ప్రీమియర్‌లో తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు మృత్యువుతో పోరాడాడు. నటుడు అరెస్టయి, బెయిలు మీద మరునాడు బయటికొచ్చాడు. ముఖ్యమంత్రి శాసనసభలో తీవ్రంగా మాట్లాడారు. ఆరు నెలల తర్వాత అదే ముఖ్యమంత్రి చేతుల మీదుగా అదే సినిమాకు బహుమతి అందింది. నటనను నటనగా తూచడం జ్యూరీ ధర్మం, వాళ్ళు ఆ పనే చేసి ఉండవచ్చు. కానీ ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో నటన గురించి మాట్లాడుకున్నదెవరు? రాజీ కుదిరిందా అన్నదే అందరి మాట. నమ్మకం పోయాక నిజమైన తీర్పు కూడా అబద్ధంలా వినిపిస్తుంది. ఇంతకన్న నష్టం ఏముంటుంది?

ఆ నష్టం పెద్ద తారలది కాదు. బహుమతి రాకపోయినా వాళ్ళ కటౌటుకు పాలాభిషేకం ఆగదు. నష్టపోయేది వేరేవాళ్ళు. 'కేర్ ఆఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. విశాఖ కంచరపాలెం మనుషులే తమ వీధుల్లో తామే నటించిన సినిమా అది. ఆ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లో దేనికీ సినిమా బహుమతి ఇచ్చే ఏర్పాటు నడవడం లేదు. గద్దర్ అవార్డులతో పాటు 2014 నుంచి 2023 దాకా ఉత్తమ చిత్రాలను వెనక్కి వెళ్ళి ఎంచినప్పుడు దానికి మూడో స్థానం వచ్చింది. ఏడేళ్ళ తర్వాత! పోచంపల్లి చీరకు ఆసు పోసే ఆడవాళ్ళ భుజం నొప్పి తీర్చాలని ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితాన్ని చూపిన 'మల్లేశం' 2019లో వచ్చింది. దానికీ ఆ జాబితాలో మూడో స్థానమే, మొదటి స్థానం 'మహర్షి'ది. చిన్న సినిమాకు అవార్డు కావాల్సింది విడుదలైన ఏడాదిలో. అప్పుడు వస్తే ఇంకొక నిర్మాత ధైర్యం చేస్తాడు, ఆ దర్శకుడికి రెండో సినిమా త్వరగా దొరుకుతుంది. ఆలస్యంగా పోసిన నీరు ఎండిన నారును బతికించదు.

2018 మే 3న ఢిల్లీలో జరిగినదీ ఇదే పాఠం చెబుతుంది. జాతీయ అవార్డుల్లో రాష్ట్రపతి 11 మందికి మాత్రమే స్వయంగా ఇస్తారని, మిగతావాళ్ళకు మంత్రి ఇస్తారని చివరి నిమిషంలో తెలిసింది. యాభై మందికి పైగా విజేతలు సభకు వెళ్ళలేదు. వాళ్ళలో ఎక్కువమంది మనకు ముఖం తెలియనివాళ్ళు. జీవితంలో ఒక్కసారి వచ్చే గౌరవం అది. దాన్ని తగ్గించి ఇస్తామంటే వద్దని చెప్పే ఆత్మగౌరవం వాళ్ళలో కనిపించింది. తారల దగ్గర మనం వెతుక్కుంటున్నది అదే.

అసలు అవార్డులెందుకు, జనం చప్పట్లు చాలవా అని అడిగేవాళ్ళున్నారు. జనం చప్పట్లకు నేను ఎప్పుడూ నమస్కరిస్తాను. కానీ వసూళ్ళు చెప్పేది ఎంతమంది చూశారన్నదే. జనం కంట పడకుండా పోయినదాన్ని పట్టుకోవడానికి, పడినదాంట్లో ఏది నిలుస్తుందో చెప్పడానికి కొంతమంది తీరుబడిగా కూర్చుని, అన్నీ చూసి, వాదించుకుని తేల్చాలి. సమాజం తన అభిరుచిని అలాగే పెంచుకుంటుంది. అందుకే అవార్డులు చచ్చిపోతే పోనీ అనడానికి నాకు మనసొప్పదు.

దారి లేకపోలేదు. కేరళ 1969 నుంచి రాష్ట్ర సినిమా అవార్డులు ఇస్తోంది. 1998 నుంచి ఆ పనికి చలచిత్ర అకాడమీ అనే ప్రత్యేక సంస్థ ఉంది. తుది జ్యూరీకి తరచుగా బయటివాళ్ళను పెద్దగా కూర్చోబెడతారు. సయీద్ మీర్జా, గౌతమ్ ఘోష్, సుధీర్ మిశ్రా, ప్రకాశ్ రాజ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. అక్కడా గొడవలు రాకపోలేదు. అకాడమీ అధ్యక్షుడి జోక్యం మీద ఆరోపణలు వచ్చిన ఏడాదీ ఉంది. అయినా 2025 నవంబరులో ప్రకాశ్ రాజ్ జ్యూరీ బాలల చిత్రానికి, బాలనటులకు బహుమతి ఇవ్వకుండా, అర్హమైనది కనబడలేదని చెప్పింది. దాని మీద పెద్ద చర్చే నడిచింది, నిర్ణయం కఠినమనీ కొందరన్నారు. కానీ ఆ ఏడాది వాళ్ళు ఇచ్చిన మిగతా బహుమతులన్నిటికీ ఆ ఒక్క 'లేదు' బలం తెచ్చింది. ఎవరికీ ఇవ్వనని చెప్పగల జ్యూరీ ఇచ్చినదే జనం నమ్ముతారు.

మన రెండు రాష్ట్రాలూ ఇంతమాత్రం చేయలేవా? టికెట్ జీవోలు రాసే శాఖకు, అవార్డు ఇచ్చే సంస్థకు సంబంధం లేకుండా చేయవచ్చు. అధికారంలో ఉన్న పార్టీ పదవుల్లో ఉన్నవాళ్ళను, వాళ్ళ కుటుంబాల సినిమాలను ఆ కాలానికి పోటీ బయట ఉంచవచ్చు. జ్యూరీ ఏ సినిమాను ఎందుకు ఎంచిందో, దేన్ని ఎందుకు వదిలిందో రాసి ప్రచురించవచ్చు. ఏటా ఉగాదికి, ఏ ఎన్నికలున్నా లేకపోయినా, ఆ జాబితా రావాలి. బహుమతి మంత్రుల చేతుల మీదుగా కాకుండా, ఆ కళలో తల పండిన పెద్ద శబ్దగ్రాహకుడో, ఎడిటరో అందించాలి. ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు. అధికారంలో ఉన్నవాళ్ళు వేదిక దిగి మొదటి వరసలో ప్రేక్షకులుగా కూర్చోవడానికి ఒప్పుకుంటే చాలు.

తారలకూ ఒక మాట. మీకు లక్షల మంది ప్రేమ ఉంది. బహుమతి వల్ల మీకు కొత్తగా వచ్చే కీర్తి కొంచెమే. కానీ మీరు ఒక్కరు, నాకంటే బాగా చేసినవాళ్ళు ఇక్కడున్నారు, ముందు వాళ్ళకు ఇవ్వండి అని చెబితే, ఆ మాటకు ఉన్న శక్తి ఏ జ్యూరీ తీర్పుకూ లేదు. ప్రాణ్ ఆ పని చేసి యాభై ఏళ్ళు దాటింది, దాన్ని మనం ఇంకా చెప్పుకుంటున్నాం. ఆ ఏడాది ఎవరెవరు ఏ బహుమతి పుచ్చుకున్నారో మనకు గుర్తులేదు. తెలుగు తార ఎవరైనా ఆ పని చేసే రోజు రావాలి. అది వచ్చేదాకా, జాబితా వెలువడిన ప్రతిసారీ ఎవరికి వచ్చిందని అడిగే ముందు ఎవరిచ్చారు, వాళ్ళకేం అవసరమని అడగడం ప్రేక్షకులుగా మన పని.